గంజిపాట ప్లేటు

లేవి పన్నెండు రోజులుగా పొద్దున్నే కర్నూలుకు నడుస్తున్నాడు. వాళ్ల ఊరు గార్లపెంట నుంచి ఎనిమిది మైళ్లు. పత్రికలు చదువుకొనే గది తలుపులు తెరిచేసరికి మెట్ల మీద కూర్చుని ఉండేవాడు. లోపలికి వెళ్లి మద్రాసు నుంచి వచ్చినవీ, బెజవాడ నుంచి వచ్చినవీ, ఊళ్లోనే అచ్చయినవీ వరసగా తిరగేసి, ఏ బల్ల దగ్గరా నిలకడగా కూర్చోకుండా, మధ్యాహ్నానికి మళ్లీ ఎండలో పడి ఇల్లు చేరేవాడు.

"ఏమప్పా, ఉద్యోగమేమన్నా చూస్తాండావా?" అని ఆ గది చూసుకొనే ముసలాయన ఒకరోజు అడిగాడు. కర్నూలు రాజధాని అయి రెండేళ్లు కావస్తోంది. గుడారాల్లో నడిచే ఆఫీసుల్లో ఏదో ఒక పని దొరక్కపోతుందా అని నలుమూలల నుంచి జనం వస్తున్న కాలం.

లేవి కాదన్నాడు. తన పాటను గురించి ఎవరైనా ఏమైనా రాశారేమో చూస్తున్నానని చెప్పడానికి అతడికి నోరు రాలేదు.

అతడికి ముప్పై అయిదేళ్లు. అందులో పన్నెండేళ్లు శాంతయ్య బుర్రకథ దళంలో గడిచాయి. శాంతయ్య నడుమ నిలబడి తంబుర మీటుతూ కథ చెబుతుంటే, లేవి ఎడమ పక్కన గుమ్మెట వాయిస్తూ వంత పాడేవాడు. మంచి గొంతు అని అందరూ అనేవాళ్లు. అయితే వంత పాడేవాడి గొంతు ఎంత మంచిదైనా కథ చెప్పేవాడి గొంతుకు ఒక మెట్టు కిందే ఉండాలి. పన్నెండేళ్లూ లేవి దాన్ని కిందనే ఉంచాడు.

గంజిపాట కట్టింది యాభైరెండు కరువులో. అప్పుడు దళం నాలుగు నెలలు గుంటూరు సీమలో తిరిగింది. ఇంటికి వచ్చేసరికి తల్లి జీవమ్మ కూర్చున్నచోటు నుంచి లేవడానికి గోడ పట్టుకుంటోంది. చీర కుచ్చిళ్ల కింద మోకాళ్లు మాత్రమే పెద్దవిగా కనిపిస్తున్నాయి. ఊరి బయట గాడిపొయ్యి తవ్వి సర్కారువాళ్లు గంజి పోశారనీ, తల్లి రోజూ సత్తుచెంబు పట్టుకుని బారులో నిలబడిందనీ, ఒకనాడు ఆమె వంతు వచ్చేసరికి గంజి అయిపోయిందనీ పక్కింటివాళ్లు చెప్పారు. తల్లి ఏమీ చెప్పలేదు. లేవి వారం రోజుల్లో పాట కట్టాడు.

శాంతయ్య పాట మొత్తం విన్నాడు. "బాగుండాది. కానీ మన కథలో వద్దు," అన్నాడు. "జనం రాజుల కథ వింటా ఏడుస్తారు, నవ్వుతారు. వాళ్ల బొచ్చె వాళ్లకే చూపిస్తే లేచిపోతారు లేవీ."

ఆ మాట లేవికి ముల్లులా దిగింది. అయినా ఇంకో రెండేళ్లు వంత పాడాడు. చివరికి ఆళ్లగడ్డలో ఒకనాడు కథ అయిపోగానే గుమ్మెట శాంతయ్య ముందు పెట్టి, దండం పెట్టి వచ్చేశాడు. ఇంట్లో తండ్రి వాయించిన ఫిడేలు ఉంది. తండ్రి బతికినన్నాళ్లూ ఆదివారం ప్రార్థనలో కీర్తనలకు దాన్ని వాయించేవాడు. లేవి దాని మీద పల్లెపాటలు పలికించడం మొదలుపెట్టాడు. దేవుని ఫిడేలు మీద బావికాడి పాటలేమిటని గుడిపెద్దలు మొహం ముడుచుకున్నారు. బావికాడి పాటకు ఫిడేలు ఎందుకని రైతులు నవ్వారు. నంద్యాల సంతలో విన్న ఒక గ్రామఫోను కంపెనీ ఏజెంటు మాత్రం నవ్వలేదు. అతడు లేవిని మద్రాసు తీసుకుపోయాడు. ఒక్క పూటలో ప్లేటు తయారైంది. ఒక వైపు, ఎద్దులతో బావి నుంచి నీళ్లు తోడేటప్పుడు పాడే కపిల పాట. రెండో వైపు గంజిపాట. మధ్యలో బొమ్మ కింద తెల్ల అక్షరాలతో అతడి పేరు, ఒక్కడిదే.

అప్పటినుంచి మొదలైంది ఈ తిరుగుడు.

మొదట కనిపించింది మద్రాసు మాసపత్రికలో. నాలుగే వాక్యాలు. "రాయలసీమ రైతు పంట ఇంటికి వచ్చిన సంతోషంలో పాడుకొనే రెండు చక్కని పాటలు. ఫిడేలు వినసొంపుగా ఉన్నది. గాయకుడు లేవి. ఇంటిల్లిపాదీ వినదగినది."

తన పేరు అచ్చులో చూసి లేవి గుండె ఒక్కసారి పొంగింది. వెంటనే కింద పడింది. పంట ఇంటికి వచ్చిన సంతోషమట! ఆ పెద్దమనిషి గంజిపాట విన్నాడా, ప్లేటు అట్ట చూసి రాశాడా? పొగిడినవాడి మీద కోపం వస్తుందని లేవికి అంతవరకూ తెలియదు.

పన్నెండో రోజున కర్నూలు వారపత్రికలో రెండో పేజీ అడుగున పెద్ద వ్యాసమే కనిపించింది. రాసినవాడి పేరు "శ్రోత" అని మాత్రమే ఉంది. లేవి నిలబడే చదివాడు.

"ఈ ప్లేటు మొదటి ముఖం మీది కపిల పాట చాలా బాగున్నది. ఎద్దులు వెనుకకు నడిచేటప్పుడు మోకు కిర్రుమనే చప్పుడును ఫిడేలు పట్టుకొన్నది. ప్రార్థనామందిరపు వాద్యం బావిగట్టు మీదికి వచ్చి సిగ్గుపడకుండా నిలబడటం ఇదే మొదటిసారి వింటున్నాను. రెండవ ముఖం మీది గంజిపాట అంతకంటె గొప్పది కావలసినది. కాలేదు. రెండు చరణాలు నిప్పుల మీద నడిచినట్టు నడిచి, మూడవ చరణంలో గాయకుడు ఏడ్చినాడు. ఆ ఏడుపును నేను నమ్మలేదు. ఆకలిని చూచినవాడు అంత అందంగా ఏడ్వడు. శాంతయ్యగారి దళంలో ఈ గొంతుకు ఒక అదుపు ఉండేది. ఒంటరిగా వచ్చిన తరువాత అదుపు చేసేవారు లేకపోయినట్టున్నది."

నాలుగుసార్లు చదివాడు. మొదటి సగం ఒక్కసారే చదివి, రెండో సగం నాలుగుసార్లు. పెన్సిలు అడిగి తీసుకుని, ఆ చివరి వాక్యాలు ఒక చీటీ మీద రాసుకున్నాడు. చొక్కా జేబులో పెట్టుకుని తుంగభద్ర ఒడ్డుకు పోయాడు. నదిలో నీళ్లకంటే ఇసుకే ఎక్కువ ఉంది. దూరాన చాకళ్లు బట్టలు బాదుతున్నారు. చీటీ తీసి మళ్లీ చదివాడు. "ఆకలిని చూచినవాడు." ఆ నాలుగు నెలలూ తను గుంటూరు సీమలో మూడు పూటలా వరి అన్నం తిన్నాడు. ఈ రాసినవాడికి ఆ సంగతి ఎట్లా తెలుసు?

ఇంటికి వచ్చాక భార్య ఏసుమణి అన్నం పెట్టింది. అతడు కలిపాడు గానీ తినలేదు.

"ఎవురో ముక్కూమొగం తెలీనాయన రాసినాడు. దానికి నువ్వు తిండి మానుకుంటావా?" అంది.

"రాసింది తప్పయితే తిననా?"

"తప్పు గాదంటావా?"

"అదే తెలీక చస్తాండా."

తల్లి గడపలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. ఆమె ఇటు చూడలేదు. ప్లేటు వచ్చి నెలరోజులయినా జీవమ్మ దాన్ని వినలేదు. గార్లపెంటలో గ్రామఫోను ఎవరికీ లేదు. పాట వినిపిస్తానని లేవి ఒక్కసారీ అనలేదు, ఆమె అడగలేదు.

మర్నాడు అతడు చదువుకొనే గదికి పోలేదు. మైదుకూరు బస్సెక్కాడు. అక్కడ నాగన్న అనే ఆయన హోటల్లో ఆ ప్లేటు రోజూ మోగుతోందని కంపెనీ ఏజెంటు చెప్పాడు. చదువుకున్నవాళ్ల మాట ఒకటి విన్నాడు. తిని, పని చేసుకుని, విని పోయేవాళ్ల మాట కూడా వినాలి అనుకున్నాడు.

కడప దారి మీద, బండ్లు నిలిపేచోట ఉంది హోటలు. లోపల బల్ల మీద గ్రామఫోను, దానికి పెద్ద పువ్వులాంటి గొట్టం. లేవి ఒక మూల కూర్చుని టీ చెప్పాడు. తనెవరో చెప్పలేదు. కాసేపటికి కపిల పాట వేశారు. ఇడ్లీ తింటున్న ఇద్దరు బండివాళ్లు తలలు ఊపారు. ఒకడు "హై, హై!" అని లేని ఎద్దులను అదిలించాడు. అందరూ నవ్వారు. లేవి కూడా వాళ్లతో కలిసి నవ్వాడు.

పాట అయిపోగానే నాగన్న దాన్నే మళ్లీ వేయబోయాడు.

"రెండోపక్క ఏముండాది?" అని లేవి అడిగాడు.

"ఉండాది లేప్పా ఒకటి. అది ఎవురూ అడగరు."

"ఒక్కతూరి వెయ్యి."

నాగన్న భుజాలు ఎగరేసి ప్లేటు తిప్పాడు. ఫిడేలు మొదలైంది. తన గొంతు తనకే పరాయిగా వినిపించింది.

*ఎండ మండే పొద్దుకాడ ఎంత బారో చూడు*
*ఎనకనున్నవాళ్లకెల్ల ఎండే గంజి నేడు*

బండివాళ్లు తినడం ఆపలేదు గానీ మాటలు ఆపారు. మూడో చరణం వచ్చింది.

*గంటె కుండ అడుగు గీకె, గంజి అయిపాయె*
*అమ్మ సేతి సత్తుచెంబు అట్లే మిగిలిపాయె*

'మిగిలిపాయె' దగ్గర గొంతు జీరపోయి, తెగి, మళ్లీ అతుక్కుంది. గోడ పక్కన కూర్చున్న ఒక పెద్దాయన, నెరిసిన తలగుడ్డవాడు, ఆకులో ఇంకా ఒక దోసె ఉండగానే లేచి చెయ్యి కడుక్కున్నాడు.

"ఏం, దోసె బాగలేదా పెద్దాయనా?" అన్నాడు నాగన్న.

"దోసె బాగుండాది. ఎవడోగానీ మన గంజిచెంబు మద్రాసు దాకా మోసకపోయి అందరికీ చూపిచ్చినాడు. మళ్లా దాన్ని తెచ్చి మన ముందరే మోగిస్తాండారు. గొంతులోకి దిగేదెట్లా?" అని ఆయన కండువాతో చెయ్యి తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

నాగన్న ముల్లు ఎత్తేశాడు. "అందుకే వెయ్యనన్నా," అన్నాడు.

లేవి ఆయన వెంట రోడ్డు మీదికి పోయాడు. ఏమని పిలవాలో తెలియలేదు. ఆ పాడింది నేనే అని చెప్పి తిట్టించుకోవాలా, క్షమించమనాలా? పెద్దాయన ఒక బండి వెనక ఎక్కి, కాళ్లు వేలాడేసుకుని, ఎటో చూస్తూ దూరమైపోయాడు. లేవి అక్కడే నిలబడి, బస్సు వచ్చేదాకా రోడ్డుకు ఆ పక్కకూ ఈ పక్కకూ తిరిగాడు.

మూడో రోజు వారపత్రిక ఆఫీసుకు పోయి "శ్రోత" ఎవరని అడిగాడు. అచ్చుయంత్రం దగ్గరి మనిషి నవ్వి, "శ్రోత యాడిదిలే, మా గోపన్నే. ప్రూఫులు దిద్దుతాడు. ఈ పొద్దు రాలేదు," అని, పాత ఊళ్లో బురుజుకు అవతల సందులో ఉన్న గది గుర్తులు చెప్పాడు.

గోపన్నకు యాభై ఏళ్లుంటాయి. ప్రొద్దుటూరు పక్క మనిషి. ఒంటి మీద బనీనుతో కూర్చుని కత్తితో పెన్సిలు చెక్కుకుంటున్నాడు. గోడవారగా చిన్న పెట్టె గ్రామఫోను ఉంది. లేవి గుమ్మంలోనే నిలబడి పేరు చెప్పాడు. గోపన్న తల పక్కకు తిప్పి, కుడిచెయ్యి కుడి చెవి వెనక పెట్టుకున్నాడు.

"ఇటుపక్కకు వచ్చి చెప్పప్పా. ఎడమ చెవి నాకు పనిచెయ్యదు."

లేవికి నవ్వాలో అరవాలో తెలియలేదు. "ఒంటిచెవితో విని రాసినావా సామీ, నన్ను గురించి?"

"ఒంటిచెవోడు ఎక్కువతూర్లు వినాల. నేను ఇరవైతూర్లు విన్నా. రా, కూర్చో. నువ్వు వస్తావని అనుకోలా గానీ, వచ్చినందుకు సంతోషం."

పెట్టె మీద ప్లేటు ఉంది. గంజిపాట వైపు గీతలు పడి, నలుపు తెల్లబారింది. ఇరవైసార్లు అన్నది అబద్ధం కాదు. లేవి కూర్చున్నాడు. జేబులోని చీటీ తీసి ముందు పెట్టాడు.

"ఆకలిని చూచినవాడు అంత అందంగా ఏడవడని రాసినావే. అది నీకెట్ల తెలిసె?"

"తెలిసి రాయలేదు. వింటే అట్ల అనిపించింది. ఆ ఏడుపు శానా కొలతగా ఉండాది. ఊపిరి సరిగ్గా యాడ తెగాల్నో ఆడనే తెగుతాది, తాళం దప్పదు. నిజంగా గొంతు పట్టుకుంటే తాళం ఉంటాదా నాయనా?"

లేవి చీటీని మడిచి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. కిటికీ బయట ఎవరో బిందెలో నీళ్లు పోసుకుంటున్న చప్పుడు. తర్వాత నేలవైపు చూస్తూ చెప్పాడు.

"మొదటితూరి పాడినప్పుడు నిజంగానే ఏడుపొచ్చింది. పాట నిల్చిపాయె. ప్లేటు చెడింది. కంపెనీ అయ్య బయటికొచ్చి, అదే, అట్లే మళ్లా రావాల, అయితే పాట ఆగకూడదు అన్యాడు. రెండోతూరి... అట్లే చేసి చూపించినా."

"ఊఁ," అన్నాడు గోపన్న. విజయం ఏమీ కనిపించలేదు ఆయన మొహంలో. పైగా నొచ్చుకున్నట్టు పెన్సిలు పక్కన పెట్టాడు. "ఆ మొదటిది విని ఉంటే ఇంకోమాదిరి రాసి ఉందునేమో."

"నీ మాట చెప్పినావు. మైదుకూరులో ఒకాయన తినే దోసె వదిలిపెట్టి పాయె. ఆయన మాట ఒకటి. నాకు ఏది పట్టుకోవాల్నో తెలీకుండా ఉండాది. ఆ బారులో నిలబడినోళ్లు మా ఊర్లో ఉండారు. నీకు ధైర్యముంటే ఈ పెట్టె ఎత్తుకొని రా. వాళ్ల ముందర పెట్టు. వాళ్లముందర చెప్పు ఈ మాట."

కోపంతో అన్నాడు. వస్తాడనుకోలేదు. కానీ ఆ ఆదివారం పదిగంటలప్పుడు గోపన్న గ్రామఫోను పెట్టెను ఒక చేత్తోనూ, ముళ్ల డబ్బీని ఇంకో చేత్తోనూ పట్టుకుని, చెమటలు కారుస్తూ గార్లపెంట దారిలో కనిపించాడు. బస్సు దిగినచోటి నుంచి రెండు మైళ్లు నడిచాడు.

ప్రార్థన అయిపోయి జనం గుడి పక్కన వేపచెట్టు కిందికి వచ్చారు. పెట్టె చూసి పైవీధి రైతులు కూడా కొందరు వచ్చి నిలబడ్డారు. ఏసుమణి అత్తను చెయ్యి పట్టి తీసుకువచ్చి ముందు కూర్చోబెట్టింది. గోపన్న కీ తిప్పి కపిల పాట వేశాడు. పన్నెండేళ్ల వయసు నుంచి కపిల తోలిన గిడ్డయ్య, "మా కుడిపక్క ఎద్దు ఇట్లే మొరాయించేదిరా!" అని ఫిడేలు మూలుగు విని గట్టిగా అరిచాడు. జనం ఊగిపోయారు. లేవి మాత్రం చెట్టు మొదలు వెనక నిలబడి వేపపుల్లలు విరుస్తున్నాడు.

ప్లేటు తిప్పారు. ఎండ మండే పొద్దు వచ్చింది. బారు వచ్చింది. ఆడవాళ్లు కొంగులు సర్దుకుని నిశ్శబ్దంగా విన్నారు. మూడో చరణంలో గొంతు జీరపోయినప్పుడు లేవి తల్లివైపు చూశాడు. ఆమె ఏడవడం లేదు. పక్కనున్న భీమమ్మ వైపు తిరిగి ఏదో అడుగుతోంది. భీమమ్మ తల అడ్డంగా ఊపింది. ముల్లు గీరుకుంటూ ఆగింది.

"ఎట్లుండాదమ్మా?" అని గోపన్న అడిగాడు.

జీవమ్మ కొడుకు కోసం చుట్టూ చూసింది. "పాట బాగుండాది నాయినా. అయితే ఆ పొద్దు ఎవురూ ఏడ్చలా."

లేవి చెట్టు వెనకనుంచి వచ్చాడు. "గంజి అయిపోలేదా?"

"అయిపాయె. ఎందుకు అయిపోలా? నాకు ముందర మద్దమ్మ ఉండాది. కడాకరు గంటె ఆయమ్మకు పడె. నాకు ల్యా. నేను చెంబు పట్టుకొని అట్లే నిలబడినా. ఏడ్సడానికి ఒంట్లో నీళ్లు యాడుండాయి? ఆ గంజి పోసే ఆయప్ప, పాపం, తలకాయ దించుకున్యాడు. అప్పుడు మద్దమ్మ రెండుచేతులూ ఎత్తి, నాయినా, నీ గంజి ఎంత చిక్కగుండాదో నీ బతుకు అంత చిక్కగుండనీ అని దీవించె!"

ఒక్క క్షణం తర్వాత భీమమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆ గంజి ఎంత పలచనో తెలిసినవాళ్లంతా ఒకేసారి నవ్వారు. "అవునవును, ఆయప్ప గూడా నవ్వినాడు!" "కుండ పట్టుకొని కూలబడినాడు గదా!" అని తలా ఒక మాట అందుకున్నారు. గిడ్డయ్య నవ్వలేక దగ్గాడు.

"బారంతా నవ్వినాం," అంది జీవమ్మ కళ్లు తుడుచుకుంటూ. "నవ్వితే కడుపులో ఇంకా మంట. నవ్వద్దే, నవ్వద్దే అనుకుంటానే నవ్వినాం. ఆ తరవాత మద్దమ్మ తన గంజిలో సగం నా చెంబులో వంచె. మళ్లా ఏడాదే కండ్లు మూసె మహాతల్లి."

లేవికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "నాకెందుకు చెప్పలేదుమా?"

"నువ్వు అడగలా. వచ్చినావు, నా మోకాళ్లు చూసినావు, పక్కింటోళ్ల మాట విన్నావు, ఏడ్చినావు, పాట కట్టినావు." ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. "ఆ ఏడుపు నీది నాయినా. ఆడ లేకపోతినే అని నువ్వు ఏడ్చింది. దాన్ని నా చెంబులో పోస్తే ఎట్లా?"

గోపన్న కుడి చెవి వెనక చెయ్యి తీయకుండా ఇదంతా విన్నాడు. తర్వాత జేబులోనుంచి చిన్న పుస్తకం తీశాడు. "ఈ మాట నేను రాస్తానమ్మా. వచ్చే వారం సంచికలో."

"పేపర్లో వద్దులే సామీ. మద్దమ్మ మాట నోటితో చెప్తేనే నవ్వొస్తాది. వీడు పాడనీ."

గోపన్న పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు. ఏసుమణి ఆయనకు మజ్జిగ ఇచ్చింది. వెళ్లేముందు గోపన్న లేవి చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలి, పెట్టె ఎత్తుకున్నాడు. లేవి ఆ పెట్టె లాక్కుని బస్సు దారి దాకా తనే మోశాడు.

పాట మార్చడం అనుకున్నంత సులువు కాలేదు. పాతది వారంలో వచ్చింది. కొత్త చరణానికి నాలుగు నెలలు పట్టింది. ఈలోగా కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. గంజిపాట కోస్తా జిల్లాల్లో బాగా ఆడుతోందనీ, ముఖ్యంగా చివర ఏడ్చే భాగం జనానికి పట్టిందనీ, అలాంటివే ఇంకో రెండు తయారుచేసి ఉంచమనీ రాశారు. లేవి ఆ ఉత్తరం చదివి ఇంటి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. పాత పాటలో తప్పుంది, కొత్తగా కట్టాను, దాన్ని మళ్లీ ప్లేటు చేద్దాం అని జవాబు రాశాడు. మద్రాసు నుంచి మళ్లీ ఉత్తరం రాలేదు.

మరుసటి ఏడు ఒంటిమిట్ట కోదండరాముడి ఉత్సవాలకు శాంతయ్య మనిషిని పంపాడు. ఎడమ వంత పాడేవాడికి జ్వరమట. ఒక్కరోజు వచ్చి పోతావా అని అడిగించాడు. లేవి ఫిడేలు సంచిలో పెట్టుకుని వెళ్లాడు. శాంతయ్య ఇంకా అట్లే ఉన్నాడు, కాస్త పళ్లు ఊడాయి అంతే. పాత సంగతులేవీ ఎత్తలేదు.

"నీ ప్లేటు విన్నా," అన్నాడు.

"ఎట్లుండాదన్నా?"

"ఇప్పుడెందుకు? జనం వచ్చినారు. గుమ్మెట సరిచూసుకో."

మధ్యాహ్నం ఎండ తగ్గాక, గుడి బయట పందిరి కింద కథ మొదలైంది. సగంలో శాంతయ్య మంచినీళ్లు తాగడానికి ఆగి, "ఈడ లేవి ఒక పాట పాడతాడు," అని తంబుర పక్కన పెట్టి కూర్చున్నాడు. లేవికి ముందుగా చెప్పలేదు. అతడు గుమ్మెట కింద పెట్టాడు. తర్వాత ఫిడేలు తీశాడు.

మొదటి రెండు చరణాలూ జనానికి తెలుసు. ప్లేటు పుణ్యమా అని కొందరు పెదవులు కదిలిస్తున్నారు. ముందు వరసలో ఒక ఆమె మూడో చరణం వస్తోందని ముందుగానే కొంగు కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. లేవి దాన్ని చూశాడు. గొంతు పాత దారిలోకి జారబోయింది. దాన్ని పట్టి ఆపి, ఫిడేలు మీద కమాను కొంచెం ఎగిరించి, కొత్తది ఎత్తుకున్నాడు.

*ముందునున్న మద్దమ్మవ్వ మొక్కి దీవించె*
*గంజి ఎంత చిక్కనో నీ బతుకు అంత చిక్కనని*
*పక్కుమన్న బారు జూసి పొయ్యి గూడ నవ్వె*

ఎవరూ నవ్వలేదు. కొంగు పట్టుకున్న ఆమె అయోమయంగా పక్కకు చూసింది.

"ప్లేటులో ఉన్నట్టు పాడప్పా!" అని ఎవరో వెనకనుంచి అరిచారు.

"ఏడుపుది పాడు, ఏడుపుది!" అని ఇంకొకరు.

లేవి కమాను ఆపాడు. శాంతయ్య వైపు చూశాడు. శాంతయ్య చెంబు నేలమీద పెట్టి, కళ్లతో ఏమీ చెప్పకుండా, గుమ్మెట ఒళ్లోకి తీసుకున్నాడు. పన్నెండేళ్లలో ఎప్పుడూ గుమ్మెట ముట్టనివాడు రెండు దరువులు వేసి, లేవి గొంతుకు ఒక మెట్టు కింద వంత అందుకున్నాడు. లేవి అదే చరణం మళ్లీ పాడాడు. పందిరి అంచున ఉన్నవాళ్లు కొందరు లేచి బొరుగులు అమ్మేచోటికి పోయారు. మూడోసారి పాడేసరికి ఇద్దరు ముసలమ్మలు ఒకరి వీపు ఒకరు చరుచుకుంటూ నవ్వారు. అంతమందిలో ఇద్దరే.

కథ ముగిశాక, తంబురకు గుడ్డ చుడుతూ శాంతయ్య అన్నాడు: "ప్లేటులో నీ గొంతు బాగుండాది. పాట ఇప్పుడు బాగుండాది. అయితే ఆ కడాకరు మాట..."

"ఏం?"

"పొయ్యి నవ్వడమేందిరా? అంతమంది మనుషులు నవ్వినారు గదా, సాలదా?"

లేవి ఎదురు చెప్పబోయాడు. ఆ మాట కోసం నెల రోజులు పట్టింది. కానీ శాంతయ్య అప్పటికే సామాను ఎత్తమని వంతవాళ్లను కేకేస్తున్నాడు.

పొద్దు వాలేముందు కడప బస్సు దొరికింది. కిటికీ పక్కన సీటు. బయట తోటలూ గుట్టలూ వెనక్కు పోతున్నాయి. అతడు చూడడం లేదు. పొయ్యి తీసేస్తే ఏం పెట్టాలి? బారు నవ్వె అంటే తాళం చాలదు. గంటె పట్టినాయన నవ్వె అంటే ఒక మాట ఎక్కువవుతుంది. మోకాలి మీద వేళ్లతో దరువు వేసుకుంటూ, పెదవులు కదిలిస్తూ, ఒకటి పెట్టి ఒకటి తీస్తున్నాడు.

"టిక్కెట్టప్పా," అన్నాడు కండక్టరు.

లేవి వినలేదు. కండక్టరు భుజం మీద తట్టి మళ్లీ అడిగాడు.

"కడప," అన్నాడు లేవి, ఎవరో నిద్ర లేపినట్టు ఉలిక్కిపడి. టిక్కెట్టు తీసుకుని మళ్లీ దరువు అందుకున్నాడు.